స్పానిష్ సాహిత్యం పేపరాఫీసులోనే ఎందుకు పెరిగింది

నిజంగా జరిగిన నేరాన్ని నవల లాగా రాయడం అనగానే చాలామంది ట్రూమన్ కపోటీ పేరు చెప్తారు, 60ల్లో ఆయన రాసిన 'ఇన్ కోల్డ్ బ్లడ్'తోనే ఈ రకం రచన మొదలైందని. దానికి స్పానిష్ భాష మాట్లాడే వాళ్ళ దగ్గర ఒక ఆన్సర్ రెడీగా ఉంటుంది, మా రొడోల్ఫో వాల్ష్ ఆ పని అర్జెంటీనాలో 1957లోనే చేసేశాడు కదా అని. తేదీల లెక్కన కరెక్టే. కానీ ఎవరు ముందు ఎవరు వెనక అన్న గొడవలో పడితే అసలు సంగతి జారిపోతుంది. అమెరికాలో రిపోర్టర్లు నవలాకారుల టెక్నిక్స్ వాడటమే ఒక పెద్ద తిరుగుబాటైంది, దానికి న్యూ జర్నలిజం అని పేరు కూడా పెట్టుకోవాల్సొచ్చింది, ఎందుకంటే అక్కడ వార్త వేరు సాహిత్యం వేరు అని అప్పటికే గట్టిగా గీత గీసేసుకున్నారు. స్పానిష్‌లో ఆ గీత ఎప్పుడూ సరిగ్గా పడలేదు, అందుకే దాన్ని దాటామని ఎవరూ జబ్బలు చరుచుకోలేదు కూడా. మరి ఎందుకు పడలేదు? నాకు తెలిసినంతలో కారణాలు మూడు, డబ్బు, సెన్సారు, టెలిగ్రాము. ప్రతిభ అనేది వీటి తర్వాతే.

ముందు లార్రా దగ్గరికెళ్దాం. మరియానో హోసే దె లార్రా 1809లో మాడ్రిడ్‌లో పుట్టాడు, 1837 ఫిబ్రవరిలో పిస్టల్‌తో కాల్చుకుని పోయాడు, అప్పటికి 28 కూడా నిండలేదు. నాటకం రాశాడు, చారిత్రక నవల రాశాడు, వాటిని ఇప్పుడు సరదాగా తీసి చదివేవాళ్ళు తక్కువ. ఆయన్ని నిలబెట్టింది 'ఫిగరో' అన్న కలంపేరుతో, ఇంకా కొన్ని పేర్లతో, పేపర్లకి రాసిన వ్యాసాలే. 1833లో రాసిన 'రేపు రండి' ఒక్కటి చదివితే చాలు. ఒక ఫ్రెంచాయన మాడ్రిడ్ వస్తాడు, ఏవో కుటుంబం కాగితాలు తేల్చుకోవాలి, కొంత డబ్బు ఇక్కడ పెట్టుబడి పెట్టాలి, మొత్తం 15 రోజుల్లో అయిపోతుందని టైంటేబుల్ వేసుకుని మరీ వస్తాడు. ఎవరి దగ్గరికెళ్ళినా రేపు రండి. మర్నాడు వెళ్తే అయ్యగారు ఇంకా లేవలేదు, రేపు రండి. ఆర్నెల్లు తిరిగి తిరిగి విసిగిపోయి వెనక్కి పోతాడు. ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కి దిగినవాళ్ళకి ఇందులో ఒక్క ముక్క కూడా కొత్తగా అనిపించదు. చివర్లో లార్రా తన మీద తనే ఒకటి వేసుకుంటాడు, ఈ వ్యాసం హెడ్డింగు రాసుకుని మూడు నెలలు దాటింది, రోజూ రేపు రాద్దాంలే అనుకుంటూనే ఉన్నా అని.

ఇది కథా, వ్యాసమా, రిపోర్టింగా? పాత్ర కల్పితం, ఆఫీసులు నిజం, కోపం నిజం. అప్పట్లో పాఠకులు ఆ ప్రశ్న అడగనే లేదు. ఇంకొకటి, సెన్సారు. 1834లో 'ఎల్ సిగ్లో' అనే పేపర్ కొన్ని వ్యాసాలకి పర్మిషన్ రాకపోతే వాటి హెడ్డింగులు మాత్రం అచ్చేసి కింద ఖాళీ కాలమ్స్ వదిలేసి అట్లాగే మార్కెట్లోకి పంపింది. లార్రా వెంటనే ఇంకో పేపర్లో ఆ ఖాళీ కాగితం గురించే ఒక వ్యాసం రాశాడు, అంత బాగా రాసిన పేపర్ ఇంకోటి లేదన్న ధోరణిలో. నేరుగా అనలేనిది వెటకారంలో దాచి అనడం, పాత్రతో అనిపించడం, ఏమీ అనకుండానే అనడం, ఇవన్నీ సాహిత్యం చేసే పనులే కదా, ఇక్కడ మాత్రం పేపర్ బతకడానికి అవసరమై నేర్చుకున్నారు. లార్రా అంత్యక్రియల దగ్గర హోసే సొర్రియా అని పేరు కూడా తెలీని ఒక కుర్రాడు లేచి పద్యం చదివాడు, మర్నాటికి మాడ్రిడ్ అంతా అతని పేరే. ఆ శతాబ్దపు పెద్ద రొమాంటిక్ కవుల్లో ఒకడు ఒక జర్నలిస్టు సమాధి దగ్గర పుట్టాడన్నమాట.

డబ్బు సంగతి సింపుల్. 1900 నాటికి కూడా స్పెయిన్‌లో సగం మందికి పైగా చదవడం రాదు, పుస్తకాలు కొనేవాళ్ళు పిడికెడు మంది, పుస్తకం రాసి ఇల్లు గడిపే ఛాన్స్ దాదాపు లేదు. పేపర్ అయితే ముక్కకింత అని ఇస్తుంది. అందుకే సాలమాంకాలో గ్రీకు పాఠాలు చెప్పుకునే రచయిత ఉనమునో, తొమ్మిదిమంది పిల్లల తండ్రి, జీవితాంతం వేలకొద్దీ ఆర్టికల్స్ రాస్తూనే ఉన్నాడు. నవలాకారుడు లియొపోల్దో అలాస్ అని చెప్తే గుర్తుపట్టనివాళ్ళు 'క్లారిన్' అంటే గుర్తుపడతారు, ఆ పేరు కూడా పేపర్ పెట్టించిందే, 'ఎల్ సొల్ఫేయో' అనే పత్రికలో అందరూ ఒక్కో వాద్యం పేరు కలంపేరుగా పెట్టుకోవాలంటే ఈయన బాకా తీసుకున్నాడు. గాల్దోస్ 1888లో మాడ్రిడ్ ఫుయెంకర్రాల్ వీధిలో జరిగిన హత్య కేసుని బ్యూనస్ ఎయిర్స్‌లోని 'లా ప్రెన్సా'కి లెటర్ల రూపంలో రాసి పంపాడు, తర్వాత ఏడాదే ఆ గాలి ఆయన నవలల్లోకీ వచ్చేసింది.

ఇదంతా చూసి రాయల్ స్పానిష్ అకాడమీ వాళ్ళకి కూడా డౌట్ వచ్చింది, ఈ పేపర్ రాతని సాహిత్యం అనొచ్చా అనకూడదా అని. 1895లో ఒకసారి, 1898లో ఇంకోసారి అకాడమీలో కొత్తగా చేరినవాళ్ళు తమ తొలి ప్రసంగాలు దీని మీదే ఇచ్చారు. రెండోసారి జవాబు చెప్పిన హువాన్ వలేరా తేల్చిన మాట నాకిష్టం, జర్నలిస్టుని మిగతా రచయితల నుంచి ఏది వేరుచేస్తుందో దానికి సాహిత్యంతో పెద్దగా సంబంధం లేదన్నాడు. అంటే పేపర్లో వచ్చిందా పుస్తకంలో వచ్చిందా అన్నది కాగితం సంగతి, రాత సంగతి కాదు. పెద్దమనుషుల తీర్పు లాగా ఉంది గానీ, నాకు ఇందులో ఒక లోటు కనిపిస్తుంది. వలేరా చూసిందంతా రాసేవాడి వైపు నుంచి. చదివేవాడు పేపర్ పట్టుకున్నప్పుడు ఇందులో ఉన్నది జరిగిందే అని నమ్మి చదువుతాడు కదా, ఆ నమ్మకం సంగతేంటి? ఈ ప్రశ్న ఆయన అడగలేదు, తర్వాత వందేళ్ళు అందరి కాళ్ళకీ అడ్డం పడింది అదే.

ఇప్పుడు సముద్రం దాటాలి, ఎందుకంటే అసలు మలుపు అక్కడే ఉంది. బ్యూనస్ ఎయిర్స్‌లో 'లా నసియోన్' అనే పెద్ద పేపర్ 1877 నుంచి హవాస్ అనే ఫ్రెంచ్ వార్తా ఏజెన్సీ టెలిగ్రాములు తీసుకోవడం మొదలుపెట్టింది. టెలిగ్రాముకి మాటకింత రేటు, కాబట్టి పొట్టిగా వస్తుంది, ఎవరు పంపారో తెలీదు, కానీ త్వరగా వస్తుంది. అదే న్యూయార్క్ నుంచో పారిస్ నుంచో సొంత మనిషి రాసే లెటర్ స్టీమరెక్కి కొన్ని వారాలకి చేరుతుంది. అప్పటికి ఏం జరిగిందో పాఠకులకి తెలిసిపోయి ఉంటుంది. మరి అంత పాతబడిన సరుకుని ఎవడు చదవాలి, ఎందుకు చదవాలి? ఆ లెటర్ బతకాలంటే వార్త కంటే ఇంకేదో ఉండాలి, దృశ్యం ఉండాలి, ఆలోచన ఉండాలి, అన్నిటికంటే ముందు ఇది ఫలానావాడి వాక్యం అని ఒక్క లైన్లో తెలిసిపోవాలి. స్పానిష్‌లో క్రోనికా అనే ప్రక్రియ, అంటే జరిగినదాన్ని సాహిత్యంలాగా రాసే పేపర్ వ్యాసం, ఇప్పుడున్న రూపానికి వచ్చింది ఈ ఒత్తిడిలోనే. మెక్సికోలో గుతియెర్రెస్ నాహెరా అనే కవి అయితే ఈ రిపోర్టర్లూ టెలిగ్రాములూ వచ్చి మా క్రోనికాని చంపేశాయని బహిరంగంగానే ఏడ్చాడు. నా లెక్కలో ఆయన ఉల్టా చెప్పాడు, టెలిగ్రాము లేకపోతే క్రోనికాకి స్టైల్ మీద అంత పట్టు పట్టాల్సిన అవసరమే వచ్చేది కాదు.

ఈ పనిలో అందరికంటే పైనున్నవాడు హోసే మార్తీ. క్యూబా స్వాతంత్ర్య పోరాటంలో 1895లో చనిపోయిన మార్తీయే, కాకపోతే అంతకుముందు దాదాపు 15 ఏళ్ళు ఎక్కువగా న్యూయార్క్‌లో ఉండి లాటిన్ అమెరికా పేపర్లకి అమెరికా గురించి రాశాడు, కోనీ ఐలండ్ జనం గురించి, బ్రూక్లిన్ బ్రిడ్జి గురించి, చికాగోలో ఉరితీసిన అనార్కిస్టుల గురించి. వాక్యాలు ఒక్కోటి అరపేజీ, చదువుతుంటే ఊపిరాడదు, ఆ పొడుగే ఆ జనం, ఆ మిషన్లు, ఆ తొక్కిడి. 1882లో మొదటి లెటర్ పంపగానే 'లా నసియోన్' వాళ్ళు అందులో అమెరికాని తిట్టిన భాగం కోసేసి, ఎందుకు కోశామో వివరిస్తూ ఆయనకి ఉత్తరం రాశారు, మా పాఠకులకి అమెరికా అంటే ఆదర్శం, ఒకేసారి ఇంత ఘాటు వద్దు అన్నట్టుగా. ఫ్రీలాన్సర్ కష్టాలు అప్పుడూ ఇంతే.

కానీ ఇక్కడొక చిక్కుంది. 1886 ఆగస్టులో చార్ల్స్టన్‌లో భూకంపం వచ్చింది, మార్తీ దాని మీద రాసింది స్పానిష్ గద్యంలో గొప్ప ముక్కల్లో ఒకటి, నల్లజాతి జనం రాత్రంతా వీధుల్లో పాడుతూ ప్రార్థిస్తుంటే మనం వాళ్ళ మధ్యలో నిలబడి ఉన్నట్టే ఉంటుంది. ఆయన మాత్రం న్యూయార్క్ దాటలేదు. అక్కడి ఇంగ్లీషు పేపర్లు ముందేసుకుని చదివి, తనలో తను చూసి రాశాడు. ఇవాళ ఏ ఎడిటరైనా దీన్ని మోసం అంటాడు. అప్పుడు కాదు, ఎందుకంటే ఫ్యాక్టులు టెలిగ్రాము తెచ్చేసింది, మార్తీ పని ఆ ఫ్యాక్టులకి ప్రాణం పోయడం, అది చదివేవాడికీ తెలుసు. రాసేవాడికీ చదివేవాడికీ మధ్య ఒప్పందం వేరు. ఆ ఒప్పందం మారిపోయాక కూడా పాత అలవాటుతోనే రాస్తే ఏమవుతుందో తర్వాత చూద్దాం.

రుబెన్ దారియో కూడా 'లా నసియోన్' మనిషే, స్టైల్ అంటే ఏంటో ఆ పేపర్ దగ్గరే పట్టుబడిందని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. 1898లో స్పెయిన్ యుద్ధంలో ఓడి చివరి వలసలు పోగొట్టుకుంటే, ఆ దేశం ఎలా ఉందో చూసి రాయమని ఈయన్ని పంపించారు. నికరాగ్వా కవి, అర్జెంటీనా జీతం, పాత యజమాని ఇంట్లో ఏం మిగిలిందో చూడ్డానికి వెళ్ళడం. ఆ లెటర్లే 1901లో పుస్తకమయ్యాయి.

స్పెయిన్‌లో కొత్త శతాబ్దం గురించి రెండే ముక్కలు. 1905లో డాన్ కిహోతే (ఇంగ్లీషులో డాన్ క్విక్సోట్) నవలకి మూడొందల ఏళ్ళు నిండాయని 'ఎల్ ఇంపర్సియాల్' పేపర్ ఆ నవల్లో ఊళ్ళన్నీ తిరిగి రాయమని అజోరిన్ అనే రచయితని పంపింది, బయల్దేరే ముందు డైరెక్టర్ ఒర్తెగా మునీయా ఎందుకైనా మంచిదని ఒక చిన్న రివాల్వర్ చేతిలో పెట్టాడట, అజోరినే రాసుకున్నాడు. ఆ డైరెక్టర్ కొడుకే ఫిలాసఫర్ ఒర్తెగా ఇ గాసెత్, నేను ప్రింటింగ్ మిషన్ మీద పుట్టానని చెప్పుకునేవాడు, అబద్ధమేం కాదు, పేపర్ పెట్టింది వాళ్ళ తాతే. ప్రపంచమంతా చదివిన ఆయన 'జనసమూహాల తిరుగుబాటు' 1929 నుంచి 'ఎల్ సోల్' పేపర్లో ముక్కలు ముక్కలుగా వచ్చింది, పుస్తకం తర్వాత. ఫిలాసఫీని డైలీ పేపర్లో సీరియల్ లాగా చదివిన జనం వాళ్ళు.

అర్జెంటీనా రచయిత బోర్హెస్ గురించి చెప్పకపోతే బాగోదు, ఎందుకంటే లైబ్రరీ తప్ప లోకం తెలియని మనిషి అనుకుంటారు అందరూ. 1933లో ఆయన బ్యూనస్ ఎయిర్స్‌లో 'క్రితికా' అనే పచ్చి సెన్సేషన్ పేపర్‌కి శనివారం సప్లిమెంట్ నడిపాడు, హత్యలూ మోసగాళ్ళూ రంగు బొమ్మల మధ్యలో. పైరేట్లూ గ్యాంగ్‌స్టర్లూ దొంగ ప్రవక్తల మీద అక్కడ రాసినవే 1935లో 'అపఖ్యాతి విశ్వచరిత్ర'లో చేరాయి. అవి చూడ్డానికి నిజం కథల్లాగే ఉంటాయి, సగం కల్పితం. తర్వాత బొంబాయి లాయరెవరో రాసిన నవల అని అసలు లేని పుస్తకానికి రివ్యూ రాస్తే, ఫ్రెండు అది నిజమనుకుని ఆర్డర్ పెట్టాడు కూడా. పేపర్‌ రూపం మీద జనానికుండే నమ్మకమే బోర్హెస్ ఆటకి పెట్టుబడి.

ఆ నమ్మకాన్ని ఆటకి కాకుండా ఇంకోదానికి వాడినవాడు వాల్ష్. 1956 నాటికి ఆయనకి 29 ఏళ్ళు, డిటెక్టివ్ కథలు రాస్తాడు, ఇంగ్లీషు నుంచి అనువాదాలు చేస్తాడు, లా ప్లాతా ఊళ్ళో ఒక కేఫేలో చెస్ ఆడతాడు, రాజకీయాలు పట్టవు. ఆ జూన్ 9 రాత్రి పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడు పెరోన్ మద్దతుదారులైన కొందరు మిలిటరీ వాళ్ళు తిరగబడ్డారు, ప్రభుత్వం అణిచేసింది. ఆ గొడవలో ఆయన ఇంటి కిటికీ పక్కనే ఒక సైనిక కుర్రాడు చనిపోయాడు. చనిపోతూ దేశానికి జై అనలేదు, నన్ను ఒంటరిగా వదిలేసి పోకండ్రా అని బూతులు తిట్టాడు, అది వాల్ష్ చెవిలో పడింది. అయినా అప్పుడు ఏమీ రాయలేదు. ఆర్నెల్ల తర్వాత అదే కేఫేలో బీరు గ్లాసు ముందు కూర్చున్న ఒకాయన, కాల్చి చంపినవాళ్ళలో ఒకడు బతికే ఉన్నాడు అన్నాడు.

ఆ మనిషి హువాన్ కార్లోస్ లివ్రాగా, బుల్లెట్ దవడలోంచి దూసుకుపోయింది. ఆ రాత్రి బ్యూనస్ ఎయిర్స్ శివార్లలో ఒక ఇంట్లో కొంతమంది చేరి రేడియోలో బాక్సింగ్ మ్యాచ్ వింటున్నారు, వాళ్ళలో తిరుగుబాటు సంగతి తెలిసినవాళ్ళు కొందరు, అస్సలు తెలియనివాళ్ళు కొందరు. పోలీసులు వచ్చి పట్టుకుపోయారు, తెల్లవారకముందే హోసే లియోన్ సువారెస్ అనే చోట చెత్త దిబ్బ దగ్గరికి లారీలో తీసుకెళ్ళి కాల్చారు. ఐదుగురు పోయారు, ఏడుగురు తప్పించుకున్నారు. వాల్ష్ పేరు మార్చుకుని, దొంగ ఐడీ కార్డు, ఒక రివాల్వర్ పెట్టుకుని, ఎన్రికెతా మున్యిస్ అనే జర్నలిస్టు సాయంతో బతికున్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ వెతికి పట్టుకున్నాడు.

ఇక్కడే డిటెక్టివ్ కథల బుర్ర పనికొచ్చింది. ప్రభుత్వం వాదన, మార్షల్ లా అమల్లో ఉంది కాబట్టి కాల్చాం అని. వాల్ష్ సింపుల్‌గా టైం అడిగాడు. ప్రభుత్వ రేడియో లాగ్ బుక్కు తీయించి చూస్తే మార్షల్ లా ప్రకటన చదివింది 10వ తేదీ రాత్రి 12 గంటల 32 నిమిషాలకి. వాళ్ళని అరెస్టు చేసింది అంతకు గంట ముందు, 9వ తేదీ రాత్రి దాదాపు పదకొండున్నరకి. అంటే పట్టుకున్నప్పుడు ఆ చట్టమే లేదు, తర్వాత వచ్చిన చట్టాన్ని వెనక్కి వర్తింపజేసి కాల్చారు, మామూలు మాటల్లో అది హత్య. మూసిన గది మిస్టరీలో గడియారం పట్టించినట్టు మొత్తం కేసు ఒక్క నిమిషాల లెక్క మీద తేలిపోయింది. పెద్ద పేపర్లు ముట్టుకోలేదు, చిన్నా చితకా పత్రికల్లో వేసి 1957లో 'ఆపరేషన్ మారణకాండ' అని పుస్తకం తెచ్చాడు. నవల లాగే చదివిస్తుంది, ముందు మనుషులు, తర్వాత ఘటన, చివర సాక్ష్యం. కానీ నవల్లోంచి ఆయన తీసుకున్నది వర్ణన కంటే అల్లిక, ఏ క్లూ ఎప్పుడు బయట పెట్టాలి, ఎవర్ని ముందు పరిచయం చేస్తే చావు బరువు తెలుస్తుంది అన్నది. ఎవరికీ శిక్ష పడలేదు. 1977 మార్చి 24న, కొత్త మిలిటరీ ప్రభుత్వానికి ఏడాది నిండిన రోజున, వాళ్ళు చంపినవాళ్ళ లెక్కలతో సహా ఒక బహిరంగ లేఖ రాశాడు. మర్నాడే నేవీ వాళ్ళ మూక ఆయన్ని నడివీధిలో కాల్చింది, శవం ఇప్పటికీ దొరకలేదు. ఆ లేఖ కింద సంతకం దగ్గర పేరుతో పాటు గుర్తింపు కార్డు నంబరు కూడా ఉంది.

మార్తీ నుంచి వాల్ష్ దాకా వచ్చేసరికి ఒప్పందం ఎంత మారిందో చూడండి. వాల్ష్ ఒక్క నిమిషం తప్పు రాసినా పుస్తకం మొత్తం కూలిపోయేది. అయినా మార్తీ నాటి స్వేచ్ఛని వదులుకోని వాళ్ళు తర్వాతా ఉన్నారు. అర్జెంటీనా రచయిత తొమాస్ ఎలోయ్ మార్తీనెస్ పెరోన్ మీదా ఆయన భార్య ఎవితా మీదా నవలలు రాస్తూ, పత్రికా ఇంటర్వ్యూల పద్ధతిలోనే కల్పించిన మాటలు తర్వాత చరిత్రలాగా తన దగ్గరికే తిరిగొచ్చాయని ఆయనే చెప్పాడు. నవల అని పైన రాసుంది కాబట్టి నాకైతే దాంతో ఇబ్బంది లేదు. 2011లో స్పెయిన్‌లో జరిగింది వేరు. ఫ్రాన్సిస్కో రికో అనే పేరున్న ప్రొఫెసర్ 'ఎల్ పాయిస్'లో సిగరెట్ల నిషేధం మీద విరుచుకుపడుతూ రాసి చివర్న, నేను జీవితంలో ఒక్క సిగరెట్ కూడా కాల్చలేదని ముక్తాయించాడు. ఆయన విపరీతంగా కాలుస్తాడని తెలిసినవాళ్ళందరికీ తెలుసు. గోల మొదలైంది. నవలాకారుడు హవియెర్ సెర్కాస్ ఆయన్ని వెనకేసుకొచ్చాడు, వ్యాసంలో ఆ మాత్రం కల్పన ఉంటే ఏం పోయిందన్న ధోరణిలో. దానికి అర్కాదీ ఎస్పాదా అనే జర్నలిస్టు 'ఎల్ ముందో'లో, సెర్కాస్‌ని మాడ్రిడ్‌లో పోలీసు రైడులో అరెస్టు చేశారని పూర్తిగా అబద్ధం ఒకటి రాసి పడేశాడు, కల్పన ఓకే అన్నావుగా, ఇదిగో నీ మీదే అని. ఎస్పాదా చేసింది నీచమైన పనే, ఎవరి పరువుతోనూ అట్లా ప్రయోగాలు చేయకూడదు, కానీ వలేరా అడగని ప్రశ్న అంత నగ్నంగా ఇంకెవరూ అడగలేదు.

ఇంకో చిక్కు గురించి తక్కువ మాట్లాడతారు, ఆ మాటలు ఎవరివి అన్నది. 1968 అక్టోబర్ 2న మెక్సికో తలతెలోల్కోలో విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి, ఎలెనా పొనియతోవ్స్కా అనే జర్నలిస్టు వందలమంది గొంతుల్ని కోసి కూర్చి 1971లో పుస్తకం తెచ్చింది. పాతికేళ్ళ తర్వాత విద్యార్థి నాయకుల్లో ఒకడైన లూయిస్ గొన్సాలెస్ దె అల్బా, కొన్ని మాటలు అన్నవాళ్ళ పేర్లు కాక వేరేవాళ్ళ పేర్ల మీద పడ్డాయని గొడవ చేస్తే కొత్త ఎడిషన్లో దిద్దాల్సొచ్చింది.

గార్సియా మార్కెస్ కేసు ఇంకా మెలిక. 1955 ఫిబ్రవరిలో కొలంబియా నేవీ ఓడ 'కాల్దాస్' నుంచి ఎనిమిదిమంది సముద్రంలో పడిపోయారు, లూయిస్ అలెహాంద్రో వెలాస్కో ఒక్కడే పది రోజులు తెప్ప మీద తేలి బతికొచ్చాడు. హీరో అయ్యాడు, వాచీల యాడ్, బూట్ల యాడ్, అన్నీ అయిపోయి కథ చల్లారాక 'ఎల్ ఎస్పెక్తదోర్' ఆఫీసుకొచ్చాడు. అక్కడ రిపోర్టర్‌గా ఉన్న 28 ఏళ్ళ మార్కెస్‌కి మొదట ఇంట్రస్టే లేదు. 20 సార్లు, సారికి ఆరు గంటల చొప్పున కూర్చోబెట్టి అడుగుతుంటే, తుఫాను గురించి చెప్పు అన్నప్పుడు ఆ కుర్రాడు తుఫానేం లేదే అన్నాడు. గాలికి ఓడ ఊగితే డెక్కు మీద సరిగ్గా కట్టని దొంగ సరుకు, ఫ్రిజ్‌లూ టీవీలూ వాషింగ్ మెషీన్లూ, జారి మనుషుల్ని తోసేసింది, అదీ సంగతి. ప్రభుత్వం కాదంటే పేపర్ తోటి నావికుల దగ్గర ఫోటోలు సంపాదించి పెట్టెల మీద కంపెనీ పేర్లతో సహా అచ్చేసింది. వెలాస్కో నేవీలోంచి పోయాడు, మార్కెస్‌ని యూరప్ పంపేశారు, కొన్నాళ్ళకి పేపరే మూతపడింది.

ఆ 14 భాగాలూ 'నేను' అంటూ నడుస్తాయి, 1955లో పేపర్లో కింద సంతకం వెలాస్కోది. 1970లో బార్సిలోనాలో పుస్తకంగా వచ్చినప్పుడు కవరు మీద పేరు గార్సియా మార్కెస్ అయింది, అప్పటికి ఆయన ప్రపంచానికి తెలిసిపోయాడు, రాయల్టీ మాత్రం ఆ నావికుడికే అని ముందుమాటలో రాసిచ్చాడు. చాలా ఏళ్ళు అట్లాగే వెళ్ళింది, తర్వాత ఆగింది. వెలాస్కో కోర్టుకెక్కాడు, ఆకలి నాది, దాహం నాది, సముద్రం నాది, పుస్తకం ఎందుకు నాది కాదన్నది ఆయన వాదన సారాంశం. కోర్టు రాసినవాడిదే అని తీర్పిచ్చింది. చట్టప్రకారం సరే, కానీ ఆ 120 గంటల్లో తుఫానేం లేదే అన్న మాట ఆ కుర్రాడిదే, అది లేకపోతే మార్కెస్‌కి రాయడానికి కథే లేదు.